అఫ్జల్‌గంజ్‌లో ఓ తీరిక ఆదివారం

వీకెండ్ అనగానే హైదరాబాద్ ఐటీ జనానికి గుర్తొచ్చే దారులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మాల్, మల్టీప్లెక్స్, కొత్తగా తెరిచిన కేఫ్, లేదంటే గండిపేట వైపు ఓ డ్రైవ్. ఎక్కడికెళ్లినా రూల్ ఒకటే. కూర్చోవాలంటే ఏదో ఒకటి కొనాలి. కేఫ్‌లో కాఫీ కప్పు ఖాళీ అయి పావుగంట దాటిందా, వెయిటర్ వచ్చి టేబుల్ తుడవడం మొదలుపెడతాడు. మాటల్లో చెప్పడు కానీ మనకి అర్థమైపోతుంది.

ఏమీ కొనకుండా, ఎవరూ లెమ్మనకుండా గంటల తరబడి కూర్చోగలిగే చోటు ఈ ఊళ్లో ఒకటుంది. ఉన్నట్టుండి మొన్న వెలిసిందేం కాదు, 1936 నుంచీ అక్కడే ఉంది. అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. ఇంకో సంగతి చెప్తే నమ్మరు. ఇలాంటి లైబ్రరీలకి మీరు ఆల్రెడీ సబ్‌స్క్రిప్షన్ కడుతున్నారు.

నిజమే. మీ ఇంటి పన్ను రసీదు ఎప్పుడైనా పూర్తిగా చదివారా? 1960 నాటి పబ్లిక్ లైబ్రరీస్ చట్టం ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఏడాదికి 10,000 పన్ను లెక్కేస్తే 800 రూపాయలు లైబ్రరీలవే. అద్దెకుంటున్నాం కదా మాకేంటి అంటారేమో, ఓనర్ ఆ లెక్క అద్దెలో కలపకుండా ఉంటాడా? ఓటీటీకి కట్టి చూడకపోతే నెల తిరక్కుండానే క్యాన్సిల్ చేసే మనం, దీన్ని మాత్రం ఏళ్లకేళ్లు వాడకుండా వదిలేస్తున్నాం. ఆ వసూలైన సెస్సు మున్సిపాలిటీల నుంచి గ్రంథాలయ సంస్థలకి సకాలంలో చేరడం లేదన్నది పేపర్లలో ఎన్నో ఏళ్లుగా వస్తున్న వార్తే. అడిగేవాళ్లుంటేనే కదా ఇచ్చేవాళ్లకి గుర్తుండేది. వెళ్లి కూర్చునేవాళ్లు తగ్గిపోతే అడిగేవాళ్లు ఎక్కణ్నుంచి వస్తారు?

సరే, కోపం పక్కన పెట్టి మెట్రో ఎక్కుదాం.

రాయదుర్గం నుంచి బ్లూ లైన్‌లో అమీర్‌పేట, అక్కడ రెడ్ లైన్‌కి మారి ఎంజీబీఎస్. ఆదివారం పొద్దున్నే అయితే సీటు కూడా దొరుకుతుంది. స్టేషన్ దిగి గౌలిగూడ వైపు నడుస్తుంటే, ఒకప్పటి సిటీ బస్సుల స్టేషన్ ఉన్న జాగా తగులుతుంది. ఇనుప రేకుల పెద్ద హ్యాంగర్ అది. దాని కింద నిలబడి బస్సెక్కని పాత హైదరాబాదీ ఉండడు. 2018 జులై 5న మొత్తం కుప్పకూలిపోయింది. పడిపోయేలా ఉందని కొద్ది రోజుల ముందే ఖాళీ చేయించడంతో ఎవరికీ ఏమీ కాలేదు. మా అమ్మ ఇప్పటికీ ఈ ఏరియా పేరెత్తితే "ఆ రేకుల షెడ్డు దగ్గరేనా?" అంటుంది.

ఇంకాస్త ముందుకెళ్తే లైబ్రరీ. మూసీ ఒడ్డున, ట్రాఫిక్‌ని పట్టించుకోకుండా నిలబడిన తెల్లటి పెద్ద భవనం. ఎదురుగా ఆకాశమంత ఆర్చి. మొదటిసారి చూసినవాళ్లు ఇదేదో ప్యాలెస్ అనుకుని లోపలికి వెళ్లొచ్చో లేదోనని ఆగిపోతారు. వెళ్లొచ్చు. అందుకే కట్టారు.

దీని అసలు పేరు అసఫియా లైబ్రరీ. 1891లో మొదలైంది. సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ అనే పండితుడు చొరవ తీసుకున్నారు. మొదట్లో ఆబిడ్స్‌లో ఉండేది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ఈ భవనం కట్టి 1936లో ఇక్కడికి మార్చారు. 1955లో హైదరాబాద్ రాష్ట్రం లైబ్రరీల చట్టం చేసుకున్నాక స్టేట్ సెంట్రల్ లైబ్రరీ అయింది. నిజాం రాజ్యంలో తెలుగు, మరాఠీ, కన్నడ జిల్లాలన్నీ ఉండేవి కాబట్టి ఆ భాషల పుస్తకాలతో పాటు ఉర్దూ, పార్సీ, అరబిక్, హిందీ, ఇంగ్లిష్ కూడా ఒకే కప్పు కింద చేరాయి. పక్కపక్క బల్లల దగ్గర ఒకరు కుడి నుంచి ఎడమకి, ఇంకొకరు ఎడమ నుంచి కుడికి చదువుతూ కనబడతారు. అది చూడ్డానికే వెళ్లొచ్చు అంటాను నేను.

"ఊరికేనా అక్కా?"

కాంపౌండ్‌లోకి అడుగు పెట్టగానే అర్థమయ్యేదేంటంటే, ఇక్కడ తీరిగ్గా వచ్చినవాళ్లు దాదాపు లేరు. చెట్ల కింద, మెట్ల మీద, గోడ నీడన, ఎక్కడ చూసినా పాతికేళ్లు అటూ ఇటూగా ఉన్న అబ్బాయిలు, అమ్మాయిలు. గ్రూప్స్, కానిస్టేబుల్, డీఎస్సీ, రైల్వే, బ్యాంక్. చాలామంది ముందున్నవి లైబ్రరీ పుస్తకాలు కావు. కోచింగ్ మెటీరియల్, రంగురంగుల హైలైటర్లు, స్టీలు టిఫిన్ బాక్సు. వీళ్లకి ఈ చోటు ఆఫీసు లాంటిది. ఇరుకు హాస్టల్ గదిలో నలుగురి మధ్య చదవలేక పొద్దున్నే ఇక్కడికొచ్చేస్తారు.

నేను సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' తీసుకుని ఓ బల్ల దగ్గర కూర్చున్నాను. రాజులు, యుద్ధాలు పక్కన పెట్టి, మామూలు జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని పాత కావ్యాల్లోంచి ఏరి ఏరి రాసిన పుస్తకం. వరస పెట్టి చదవాలని లేదు. మధ్యలో ఎక్కడ తెరిచినా ఓ ఫుడ్ వ్లాగ్ చూసినట్టే ఉంటుంది. కాకపోతే వందల ఏళ్ల కిందటి ఫుడ్డు.

మొదటి గంట చాలా కష్టం, దాచను. పావుగంటకోసారి చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోయింది. నోటిఫికేషన్ ఏమీ రాలేదు, అయినా పోయింది. ఫోన్‌ని బ్యాగులో అడుగున పడేసి జిప్ వేశాక గానీ కుదుటపడలేదు. పది దాటాక ఎప్పుడో ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి తెలీకుండానే వెళ్లిపోయాను. సినిమాలో కాకుండా ఇలా ఒళ్లు మరిచిపోయి ఎన్నాళ్లయిందో.

పక్క కుర్చీలో అమ్మాయి నా పుస్తకం వంక రెండు మూడుసార్లు చూసి, చివరికి గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, మీరు దేనికి ప్రిపేర్ అవుతున్రు?"

"దేనికీ లేదమ్మా. ఊరికే."

"ఊరికేనా!"

ఆ 'ఊరికేనా'లో వెక్కిరింత లేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది. తనది వనపర్తి వైపు. రెండేళ్లుగా గ్రూప్స్‌కి చదువుతోంది. నా చేతిలో పుస్తకం చూపించి గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. "సురవరం ప్రతాపరెడ్డి. తెలుగులో ఫస్ట్ సాహిత్య అకాడమీ అవార్డు. 1955. గోలకొండ పత్రిక 1926. గోలకొండ కవుల సంచిక 1934, అందులో 354 మంది కవులు." అన్నీ కరెక్టే.

"చదివావా మరి?"

"లేదక్కా. బిట్ వస్తది కదా, అంతవరకే." కాసేపాగి, "రిజల్ట్ వచ్చినంక చదవాలె. ఉత్తగ, నవలలు గూడ. ఇంటర్‌ల ఉన్నప్పుడు మస్తు చదివేదాన్ని" అంది.

ఆ తర్వాత నాకు పుస్తకం మీద దృష్టి నిలవలేదు. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకి జవాబుగా ఆ 354 మంది కవుల్ని ఒక్కచోట చేర్చిన పెద్దాయన ఆయన. ఇప్పుడు ఆయన పుస్తకం ఉన్న బల్ల దగ్గరే కూర్చుని, ఆయన గురించి నాలుగు బిట్లు కంఠతా పట్టిన అమ్మాయికి ఆ పుస్తకం తెరిచే టైమ్ లేదు. తప్పు ఆ పిల్లది కాదు. వాళ్ల నాన్న హాస్టల్ ఫీజుకి ఎన్నాళ్లు పంపగలడన్న లెక్క మీద తన చదువు నడుస్తోంది. నెల జీతం అకౌంట్‌లో పడే నాకు 'ఊరికే' అనే మాట తేలిగ్గా వస్తుంది.

ఇంకోటి కూడా చెప్పింది. తన వయసు అమ్మాయి ఒంటరిగా పొద్దంతా కూర్చోగలిగే చోట్లు ఈ సిటీలో ఎన్నున్నాయని? పార్కులో కూర్చుంటే చూపులు. టీ కొట్టు దగ్గర నిలబడితే చూపులు. మాల్‌కి డబ్బులు కావాలి. "ఇక్కడైతే ఎవ్వరు అడగరక్కా, ఎందుకొచ్చినవ్ అని." నేనూ అందుకేగా ఇక్కడికొచ్చింది. ఆ ఒక్క విషయంలో మా ఇద్దరికీ తేడా లేదు.

పదకొండున్నరకి ఓ కుర్రాడు బ్యాగు భుజాన వేసుకుని ఖాళీ కుర్చీ కోసం అటూ ఇటూ చూస్తున్నాడు. నేను లేచి నా కుర్చీ చూపించాను. లైబ్రరీ అంటే పరీక్షల హాలు కాదని, అందరూ కథలూ కవిత్వాలూ చదవాలని చెప్పేవాళ్లని నేనెరుగుదును. ఆ మాట నాకు నచ్చదు. ఈ పిల్లలే రాకపోతే మన రీడింగ్ రూముల్లో సగం ఎప్పుడో గోడౌన్లయ్యేవి. ఉన్న కుర్చీల కోసం చదువుకునేవాళ్లు, చదువరులు పోటీ పడాల్సిన పనే లేదు. కుర్చీలు పెంచాలి, బ్రాంచీలు పెంచాలి. సెస్సు కడుతున్నది అందుకే.

బయటికొస్తూ రాక్‌ల వైపు ఓసారి చూశాను. మన కోడింగ్ బ్యాచ్‌కి ఇక్కడ ఓ చుట్టరికం ఉంది. ఎస్.ఆర్. రంగనాథన్ పేరు విన్నారా? లెక్కల మాస్టారు. 1924లో మద్రాస్ యూనివర్సిటీ లైబ్రేరియన్‌గా చేరారు. చేరిన కొత్తల్లో ఆ ఖాళీ లైబ్రరీలో బోర్ కొట్టి మళ్లీ పాఠాలే చెప్పుకుంటానని వెనక్కి వెళ్లబోయారు. తర్వాత లండన్ వెళ్లినప్పుడు ఓ షాపులో పిల్లల మెకానో సెట్ చూశారు. అవే ముక్కలు, బిగించే తీరుని బట్టి కాసేపు బండి, కాసేపు క్రేన్. పుస్తకాన్ని ఒకే అరలో ఇరికించడం ఎందుకు, సబ్జెక్టుని ముక్కలుగా విడదీసి కావలసినట్టు కలుపుకోవచ్చు కదా అనిపించింది. అలా 1933లో కోలన్ క్లాసిఫికేషన్ వచ్చింది. షాపింగ్ యాప్‌లో బ్రాండు, సైజు, రంగు, ధర అని ఎడమ పక్కన ఫిల్టర్లు నొక్కుతాం చూడండి, ఆ ఆలోచన వేళ్లు అక్కడున్నాయి. 1931లో ఆయన రాసిన లైబ్రరీ సూత్రాలు ఐదు. చదివేవాళ్ల సమయం వృథా కానివ్వకూడదన్నది అందులో ఒకటి. ప్రతి స్టాండప్ మీటింగ్ గోడ మీదా అది రాసి పెట్టాలి.

చింతచెట్టు, ఫ్యామిలీ రూము

లైబ్రరీ నుంచి నాలుగడుగులేస్తే ఉస్మానియా ఆసుపత్రి. ఆదివారం ఓపీ ఉండదు కాబట్టి రద్దీ తక్కువ. రోగుల తాలూకు మనుషులు చెట్ల కింద చాపలేసుకుని కూర్చునుంటారు. వాళ్లకి అడ్డం పడకుండా, ఫొటోల హడావుడి లేకుండా వెళ్లండి. ఆ ఆవరణలో ఓ పాత చింతచెట్టు ఉంది. దాని దగ్గరికి ఓసారి వెళ్లి రావాలి.

1908 సెప్టెంబర్ 28. మూసీకి వరద. ఇవాళ మనం ముక్కు మూసుకుని దాటే ఈ మూసీయే ఒక్క రోజులో ఒడ్డు మీది బస్తీలన్నిటినీ ఊడ్చుకుపోయింది. చనిపోయినవాళ్లు 15,000 వరకు ఉంటారని అంచనా. ఆ రోజు ఈ చింతచెట్టు కొమ్మలు పట్టుకుని దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ, భార్యనీ, కూతుర్నీ పోగొట్టుకున్నారు. ఏటా సెప్టెంబర్ 28న కొంతమంది నగర ప్రేమికులు ఈ చెట్టు కింద చేరి ఆ రోజుని తలుచుకుంటారు.

వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు. ఆయన సలహాతో వచ్చినవే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. వీకెండ్ డ్రైవ్ అని మనం వెళ్లే గండిపేట అదే. 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టారు. తర్వాతి పాతికేళ్లలో మూసీకి అటు హైకోర్టు, సిటీ కాలేజీ, ఇటు ఉస్మానియా ఆసుపత్రి, లైబ్రరీ వరసగా లేచాయి. ఒక న్యాయస్థానం, ఒక కాలేజీ, ఒక ఆసుపత్రి, ఒక గ్రంథాలయం. ఇంత విపత్తు తర్వాత నది ఒడ్డున ఏం కట్టాలని కూర్చుని ఆలోచించినవాళ్లకి ఇవి తోచాయి. మనకి ఇప్పుడు నది ఒడ్డు అనగానే ఏం తోస్తుందో మీరే ఓసారి గుర్తు చేసుకోండి.

ఆకలేసింది. వీలైనంత తక్కువ ఖర్చులో కావాలంటే సిటీలో చాలాచోట్ల జీహెచ్‌ఎంసీ 5 రూపాయల భోజనం ఉంది. లైబ్రరీ పిల్లల్లో ఎంతోమందికి మధ్యాహ్నం అదే ఆధారం. నేను మాత్రం దారిలో ఓ ఇరానీ హోటల్లోకి దూరాను. పాలరాయి బల్లలు, పైన గిరగిరా తిరిగే ఫ్యాన్లు, గల్లా పెట్టె దగ్గర పెద్దాయన. నేను ఒక్కదాన్నే అని చూసి సర్వర్ కుర్రాడు "ఫ్యామిలీ రూమ్ ఉధర్ హై మేడమ్" అని మెట్ల వైపు చూపించాడు. ఒక్క మనిషి ఫ్యామిలీ ఎలా అవుతుందయ్యా అంటే నవ్వాడు. కింద కిటికీ పక్కనే కూర్చున్నాను. ఎవరూ ఏమనలేదు. చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ఎంతసేపు ముంచాలన్నది ఓ కళ. ఒక్క సెకను ఎక్కువైతే కప్పులోనే ఉండిపోతుంది.

ఉస్మాన్‌గంజ్ మీదుగా పది పదిహేను నిమిషాలు నడిస్తే మొజంజాహీ మార్కెట్. గ్రానైట్ రాయితో కట్టారు, మధ్యలో గడియారం బురుజు. 1935 నాటిది. నిజాం రెండో కొడుకు మొజంజా పేరు పెట్టారు. ఒకప్పుడు పండ్ల మార్కెట్. అందుకేనేమో ఇక్కడి పాత ఐస్‌క్రీమ్ షాపుల్లో పండుదే రాజ్యం. వేసవిలో మామిడి, సీజన్‌లో సీతాఫలం. ప్లాస్టిక్ కుర్చీల్లో చెట్టు కింద కూర్చుని తింటుంటే, రాతి గోడల మీద పావురాలు లేచి మళ్లీ వాలుతుంటాయి. కొన్నేళ్ల కిందట మార్కెట్‌కి మరమ్మతులు చేసి, రాయిని కడిగి కొత్తగా నిలబెట్టారు. పాత కట్టడాన్ని కూల్చకుండా బాగుచేయొచ్చని ఈ ఊరికి తెలుసన్నమాట.

ఫుట్‌పాత్ మీద పుస్తకాలు

ఇక్కణ్నుంచి ఆబిడ్స్ దగ్గరే. ఆదివారం షాపులు మూసేసి ఉంటాయి కదా, వాటి షట్టర్ల ముందు ఫుట్‌పాత్ అంతా పుస్తకాలే. దశాబ్దాలుగా నడుస్తున్న ఆదివారం బజారు ఇది. ఆల్గారిథమ్ చూపించిందే చూడ్డానికి అలవాటు పడిన కళ్లకి ఇక్కడ మంచి ఎక్సర్‌సైజ్. జావా గైడ్ పక్కన భగవద్గీత, దాని మీద జీఆర్ఈ వర్డ్ లిస్ట్, కింద ఓ రష్యన్ నవల తెలుగు అనువాదం. సోవియట్ యూనియన్ ఉన్న రోజుల్లో మాస్కోలో తెలుగులో అచ్చై వచ్చిన పిల్లల పుస్తకాలు ఇప్పటికీ ఇక్కడ అడపాదడపా దొరుకుతాయి. పాత చందమామ కనపడితే మాత్రం ధర చూసి గుండె పట్టుకోవాలి. 1947లో మొదలైన ఆ పత్రిక ఆగిపోయాక పాత సంచికలకి విలువ పెరిగింది. అమ్మేవాళ్లకీ ఆ సంగతి తెలుసు.

నా ఎర ఓ పాత తెలుగు వంటల పుస్తకం. అట్ట చిరిగి, మొదటి పేజీలో 'చి. సౌ.' అంటూ ఎవరో ఎవరికో పెళ్లికి రాసిచ్చిన అక్షరాలు. అతను 150 అన్నాడు. నేను 80 అన్నాను.

"మేడమ్, గీ బుక్కు మల్ల దొరకది."

"గోంగూర పేజీ లేదు చూడు, చినిగిపోయింది."

పేజీలు తిప్పి చూసుకున్నాడు. నిజంగానే లేదు. 100కి ఇచ్చాడు. ఆ పేజీ చింపుకున్నది ఎవరో గానీ, వాళ్లింట్లో గోంగూర బాగానే కుదిరి ఉంటుంది.

పైరసీ గురించి ఓ మాట. కొత్త బెస్ట్‌సెల్లర్ మెరిసే అట్టతో, సగం కన్నా తక్కువ ధరకి, ఒకే పుస్తకం పది కాపీలు పేర్చి ఉందంటే అది దొంగ ప్రింటు అన్నమాటే. పాత పుస్తకాలు కొనండి, దొంగవి వద్దు. కొత్త తెలుగు పుస్తకాలు కావాలంటే కాచిగూడ చౌరస్తాలో నవోదయ ఉంది.

చివరి మజిలీ సుల్తాన్ బజార్. అటూ ఇటూ చీరలు, గాజులు, చెప్పులు, పైన మెట్రో. ఈ సందడి మధ్యలోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది. దీని సంగతి తెలిసి వెళ్తే చూపు వేరుగా ఉంటుంది. 1901 సెప్టెంబర్ 1న మొదలైంది. అప్పట్లో నిజాం రాజ్యంలో ఆఫీసు భాష ఉర్దూ. ఈ ఊళ్లో తెలుగు పుస్తకం చదవాలంటే దొరికే చోటే లేదు. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, నాయని వెంకట రంగారావు లాంటి కొందరు కలిసి, రంగారావు ఇంట్లోనే దీన్ని తెరిచారు. మూడేళ్లకి హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వచ్చింది. తర్వాత ఊరూరా. సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాల్సిన రోజుల్లో జనం ఒకచోట చేరడానికి లైబ్రరీయే సాకు. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, తాము అచ్చేసిన పుస్తకాల్ని ఊరూరా తిరిగి అమ్మారు. అటు కోస్తాలో అయ్యంకి వెంకట రమణయ్య 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిపించారు. పడవల్లో కూడా పుస్తకాలు తిప్పారు. అప్పటి వాళ్లకి లైబ్రరీ అంటే కాలక్షేపం కాదు, పంతం. మనకి కనీసం కాలక్షేపమైనా కావద్దా?

నేను వెళ్లేసరికి సాయంత్రం అవుతోంది. పొద్దున చూసిన గుంపుకి ఇక్కడి మనుషులు పూర్తిగా వేరు. అందరూ తలపండిన వాళ్లే. పేపర్ల బల్ల చుట్టూ ఐదారుగురు, ఒక్కో పేపర్ని నాలుగు ముక్కలు చేసి పంచుకుని చదువుతున్నారు. ఒకాయన కళ్లద్దాల మీంచి చూసి, "ఎవరి కోసం అమ్మా?" అన్నారు.

"ఎవరి కోసం కాదండీ. చదువుకుందామనే."

"కూర్చో మరి" అని పక్క కుర్చీ మీది గొడుగు తీసి కింద పెట్టారు. వారంలో మూడు రోజులు బస్సెక్కి వస్తారట. ఇంట్లో పేపర్ రాదా అంటే, "వస్తుంది. ఇంట్లో చదివితే మాట్లాడుకోవడానికి ఎవరుంటారు?" అన్నారు. క్రికెట్ నుంచి కందిపప్పు ధర దాకా అన్నీ అయ్యాయి. నేనేం పని చేస్తానో అడిగారు. చెప్పాను. "మావాడూ అదే. డల్లాస్" అన్నారు. ఇంకేమీ అనలేదు.

ఆఖరికి, వెళ్లాలనుకునేవాళ్లకి. ప్రభుత్వ గ్రంథాలయాలకి వారపు సెలవు సాధారణంగా శుక్రవారం, అంటే మన ఆదివారానికి అడ్డం లేదు. పండగల సెలవులు వేరే ఉంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఓసారి కనుక్కోండి. ఈ దారంతా కలిపి నాలుగైదు కిలోమీటర్లు మించదు, మంచి చెప్పులు వేసుకోండి. సుల్తాన్ బజార్ నుంచి తిరుగు ప్రయాణానికి ఉస్మానియా మెడికల్ కాలేజీ మెట్రో స్టేషన్ దగ్గర. నా రోజు ఖర్చు మెట్రో కాకుండా 300 దాటలేదు, అందులో 100 గోంగూర లేని వంటల పుస్తకానిదే.

లేచి బయల్దేరుతుంటే డల్లాస్ తాతగారు తన దగ్గరున్న పేపర్ ముక్క మడిచి నా వైపు తోశారు. "ఆదివారం అనుబంధం. నేను చూసేశాను, ఇంకో అరగంట ఉంది కదా మూయడానికి, చదువుకో" అన్నారు. మళ్లీ కూర్చున్నాను.